మోహన కొలతకు పోసిన సీటు

ఆ రోజు దొరస్వామి వేసుకున్న పథకం చాలా మామూలుది. పొద్దున ఆరింటికి పాకాలలో ఇంటిల్లిపాదీ కారెక్కడం, తొమ్మిదిన్నరకు చెన్నై దగ్గరి రేసు ట్రాక్ చేరడం, కూతురు మోహన ఫార్ములా కారులో పది రౌండ్లు తిరిగి జట్టులో చోటు సంపాదించుకోవడం. ఉన్నది ఒక్క చోటే. దాని కోసం కోయంబత్తూరు కుర్రాడొకడు కూడా కాచుకుని ఉన్నాడు.

పదేళ్ల వయసులో, నాయన తన ట్రాక్టర్ల షెడ్డులో తయారుచేసిన కార్టు అనే బుల్లి రేసుబండితో మొదలుపెట్టింది మోహన. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి దేశంలోని పెద్ద కార్టు పోటీలన్నీ గెలుచుకుంటూ వచ్చింది. ఒక్క పోటీ మాత్రం ఆ ఇంటిని ఇంకా పీడిస్తోంది. అందులో ఆమే మొదట వచ్చింది. తీరా కార్టుతో కలిపి తూకం వేస్తే, ఉండాల్సిన దానికంటే మూడు వందల గ్రాములు తక్కువుందని కప్పు లాగేసుకున్నారు. పిల్ల బక్కగా ఉండటమే కారణమని ఇల్లంతా ఏకగ్రీవంగా తీర్మానించుకుంది.

నెల కిందట జట్టు ఇంజనీరు షానవాజ్ ఆమెను కారులో కూర్చోబెట్టి, వీపు వెనక నురగ పోసి గట్టిపడనిచ్చి, ఒంటికి అచ్చు గుద్దినట్టు సీటు చేశాడు. వేలు దూరే సందు లేదు. మోహన ఆ సంగతి ఇంట్లో చెప్పింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. అందరి బుర్రల్లో ఆ మూడు వందల గ్రాములే ఉన్నాయి.

తల్లి పంకజాక్షి రోజూ పొద్దున్నే సంగటి ముద్దను నేతిలో ముంచింది. కోడలు పిల్లకు సరిగా పెట్టడం లేదని అనుమానపడ్డ అవ్వ భారతమ్మ, పదింటికి చాటుగా పూర్ణం ఓళిగలు పెట్టింది. వీళ్లిద్దరినీ నమ్ముకుంటే పని జరగదని దొరస్వామి షెడ్డుకు పిలిపించి గుడ్లు, అరటిపళ్లు తినిపించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరినీ నొప్పించలేక మోహన మూడు చోట్లా తిన్నది.

ట్రాక్ దగ్గర ఆమె కారులో కాళ్లు పెట్టింది. కాళ్లు దిగాయి. నడుము దిగలేదు.

"ఏమ్మా, లోపల ఏమన్నా అడ్డముండాదా?" అన్నాడు షానవాజ్.

"నేనే అడ్డముండా అన్నా," అంది మోహన.

దొరస్వామి పరుగున వచ్చాడు. "అప్పా, బరువు సాలకుంటే చెప్పు. డిక్కీలో సీసం బిళ్లలు తెచ్చినాను."

షానవాజ్‌కు ఏమీ అర్థం కాలేదు. "బరువు సాలకుంటే సీసం మేమే పెట్టుకుంటాం గదన్నా! నెలలో ఐదు కిలోలు ఎట్ల పెరిగింది ఈ పాప?"

దొరస్వామి భార్యను చూశాడు. భార్య అత్తను చూసింది.

"నేనేం పెట్టినాను? దినానికి నాలుగు ఓళిగలు," అంది భారతమ్మ.

షానవాజ్ చిత్తూరువాడు, పైగా మంచివాడు. ఆ రోజే కొత్త సీటు పోసి, పైవాళ్లను బతిమాలి పదిహేను రోజుల గడువు ఇప్పించాడు. "ఇదే ఆఖరు. ఇంక ఒక్క గ్రాము పెరిగినా ఆ చోటు కోయంబత్తూరు పిల్లోడికే," అన్నాడు. తగ్గకూడదని మాత్రం చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఏ ఇంజనీరుకు తోస్తుంది?

పంకజాక్షి సంగటిని సగం చేసింది. కోడలికి బొత్తిగా భయం లేదనుకుని, ఆ సగంలో సగం భారతమ్మ తీసేసింది. దొరస్వామి రోజూ కూతుర్ని రైల్వేస్టేషను దాకా పరుగెత్తించి, తాను మోపెడ్ మీద వెనకాలే వెళ్లాడు.

"ఆకలిగా ఉండాది నాయనా."

"ఓర్సుకో పాపా. పదైదు దినాలే గదా."

పదహారో రోజు మోహన సీటులోకి సునాయాసంగా జారింది. షానవాజ్ ఆమె భుజం పట్టి కదిపాడు. అటూ ఇటూ ఊగింది. ఆయన పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. "సీసం తెచ్చేదా?" అని దొరస్వామి మెల్లగా అడిగాడు.

అప్పుడు అరిచింది మోహన. "ఎవరూ మాట్లాడొద్దండి! తినమంటే తిన్నాను, మానమంటే మానినాను. బండి తోలేది నేనని ఒకరికన్నా గుర్తుండాదా? అన్నా, ఆ సందుల్లో నురగ ముక్కలు కుక్కు. నేను పోతాను."

కుక్కాడు. బెల్టులు బిగించాడు. పది రౌండ్లయ్యేసరికి ఆమె, అప్పటికే తన వంతు ముగించిన కోయంబత్తూరు కుర్రాడి టైముకంటే అర సెకను ముందుంది. ఆ వేగం కోపం వల్ల వచ్చిందో ఆకలి వల్ల వచ్చిందో షానవాజ్‌కు అంతుపట్టలేదు, అడిగే ధైర్యమూ చేయలేదు.

జట్టు మోహనను తీసుకుంది. ఒప్పందంలో మొదటి షరతు వేగం గురించి కాదు: ఇంటివాళ్లు ట్రాక్‌కు వస్తే అన్నం క్యారియర్ గేటు బయటే వదిలి రావాలి.