అందరి తరఫునా ఒక దణ్ణం

ఒక పెద్ద అడవిలో తీరిక అనేది ఎవరి దగ్గరా దొరికేది కాదు. వేటాడే సింహానికి లేదంటే అర్థముంది. పొద్దస్తమానం బురదలో పొర్లే అడవిపంది కూడా "ఊపిరి తీసుకునే టైము లేదండీ" అనేది.

టైమంతా ఎటు పోయేదయ్యా అంటే, వడ్రంగిపిట్టల దగ్గరికి. అవి చెట్టు చెట్టూ ఎక్కి టకటకమని కబుర్లు కొట్టేవి. ఏ నెమలికి ఏ నెమలితో మాటల్లేవో, ఏ కోతి ఎక్కడ జారిపడిందో, అన్నీ వాటికే తెలుసు. ఒక కబురు అయ్యేలోపు పక్క చెట్టు మీద ఇంకోటి మొదలయ్యేది. జంతువులన్నీ నోట్లో గడ్డి నోట్లోనే ఉంచుకుని వింటూ నిలబడిపోయేవి.

ఉడుము భద్రయ్య ఒక్కడే రోజూ పొద్దు పొడిచే వేళకి వాగు ఒడ్డున ఉన్న రాతి మీదికి ఎక్కేవాడు. ఉడుంపట్టు అంటారే, ఆ పట్టుతో రాతిని పట్టుకుని, కళ్ళు మూసుకుని "వచ్చాను స్వామీ" అనేవాడు. పది నిమిషాలు ఊరికే అలా ఉండి దిగిపోయేవాడు.

ఆ ఏడు మాత్రం ఇంకో మాట చేర్చాడు. "ఈసారైనా మా గుడ్లు నిలబెట్టు." కిందటేడు వాగు పొంగి గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఈసారి ఆయన భార్య పుట్టమ్మ పద్నాలుగు గుడ్లు పెట్టి, అవి దాచిన పుట్ట వాకిలి వదలకుండా కాపలా కూర్చుంది.

ఇంతలో వానలు ఆలస్యమయ్యాయి. అప్పుడు గుర్తొచ్చాడు అడవికి దేవుడు. వెంటనే సభ పెట్టారు.

"మనం టైమివ్వడం లేదని స్వామికి కోపమొచ్చినట్టుంది. ఏం చేద్దాం?" అంది అధ్యక్షస్థానంలో ఉన్న ఏనుగు.

"దేవుడంటే నాకు ప్రాణమండీ," అంది కుందేలు, ఒక చెవి అప్పటికే వడ్రంగిపిట్ట వైపు తిప్పేసి. "టైమే లేదు గానీ."

సభ కార్యదర్శి కొండముచ్చు లేచింది. ఏ గొడవకైనా ఒక కాగితం చాలని నమ్మే రకం అది.

"దీనికింత కంగారెందుకండీ? గుడికెళ్ళేవాడు కనిపిస్తే 'నా పేరు కూడా చెప్పి ఒక దణ్ణం పెట్టిరా బాబూ' అనడం మనకి తాతల నాటి అలవాటే కదా! భద్రయ్య ఎలాగూ రోజూ వెళ్తున్నాడు. అందరి తరఫునా ఆయన్నే పెట్టెయ్యమందాం. మన పది నిమిషాలూ మనకి మిగుల్తాయి."

ఏనాడూ ఖర్చుపెట్టని పది నిమిషాలు మిగిలినందుకు సభ చప్పట్లు కొట్టింది.

భద్రయ్య కాదనవలసింది. కానీ ఏనుగంతటిది "భద్రయ్యగారూ" అనేసరికి మెత్తబడ్డాడు. "సర్వప్రాణి దైవ ప్రతినిధి" అని మెడలో మోదుగాకు బిళ్ళ కట్టేసరికి ఉబ్బిపోయి, ఇంటికెళ్ళేదాకా దాన్నే చూసుకున్నాడు.

మొదటి రోజు ఏడు పేర్లు వచ్చాయి. పదో రోజుకి ఐదొందలు దాటాయి. పేరు ఒక్కటే చదివితే కుదరదు. వంశం చదవాలి, కోరిక చదవాలి, మళ్ళీ తప్పులు దిద్దాలి.

"నన్ను నిన్న పంది అని చదివారట. అడవిపంది అనాలండీ," అని ఒకటి.

"నత్త తర్వాతా నా పేరు? స్వామి ఏమనుకుంటాడు?" అని కుందేలు.

పది నిమిషాలు మిగుల్చుకోవడానికి వచ్చినవన్నీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వరసలో నిలబడేవి. పక్కనే వడ్రంగిపిట్ట ఉంది కాబట్టి ఎవరికీ విసుగు పుట్టలేదు. భద్రయ్యకి మాత్రం కళ్ళు మూసుకునే వీల్లేదు. మూసుకుంటే జాబితా కనపడదు.

ఒక సాయంత్రం గొంతు బొంగురుపోయి ఇంటికొస్తే పుట్టమ్మ అడిగింది.

"ఏమయ్యా, ఇవాళ మన గుడ్ల మాట స్వామికి చెప్పావా?"

భద్రయ్య లెక్క చూసుకున్నాడు. ఇవాళా లేదు, నిన్నా లేదు. నలభై రోజులయింది. నక్క పంటినొప్పి చెప్పాడు, ఎలుగుబంటి తేనెపట్టు గొడవ చెప్పాడు. తన గుడ్లు గుర్తే రాలేదు.

"అడవిలో అందరి గోడూ మోసే నోరు, కన్నబిడ్డల మాట దగ్గర పడిపోయిందా?" అంది పుట్టమ్మ. భద్రయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

తెల్లవారగానే కొండముచ్చు దగ్గరికి వెళ్ళాడు.

"ఇవాళ ముందు నా మాటొకటి చెప్పుకుంటానయ్యా."

"అమ్మమ్మ! ప్రతినిధే సొంత పని చూసుకుంటే పక్షపాతం అనరూ? దరఖాస్తు పెట్టుకోండి. దాని మీద దైవ ప్రతినిధిగారి సిఫారసు కూడా ఉండాలి. మీ వంతు మాఘంలో వస్తుంది."

"అప్పటికి వానలొచ్చి, వాగు పొంగి, అంతా అయిపోతుంది!"

"దేవుడి దగ్గర తొందర పనికిరాదండీ."

భద్రయ్య వరసని అలాగే వదిలేసి ఇంటికొచ్చి, పుట్ట వెనక మట్టిని పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "వచ్చాను స్వామీ" అనబోతే ఏడుపు ముంచుకొచ్చింది. చాలాసేపు ఏడ్చాడు. అన్నాళ్ళకి ఆయనకి ప్రాణం తెరిపిన పడింది.

మర్నాడూ రాతి దగ్గరికి కాక పుట్ట వెనక్కే వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. నాలుగో రోజు కుందేలు ఫిర్యాదు చేసింది, కొండముచ్చు వచ్చి పట్టుకుంది.

సభలో నిలబెట్టి ఏనుగు గద్దించింది. "డ్యూటీ ఎగ్గొట్టి ఏం చేస్తున్నావు?"

"దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నానండీ."

సభంతా నివ్వెరపోయింది.

"డ్యూటీ టైములోనా!" అంది కుందేలు.

కొండముచ్చు ముందుకొచ్చి మోదుగాకు బిళ్ళ తెంపేసింది. భద్రయ్య నేరుగా ఇంటికొచ్చాడు. ఇప్పుడు కావలసినంత టైము. పొద్దున్నే దణ్ణం పెట్టుకోవడం, ఆ తర్వాత మొగుడూ పెళ్ళామూ కలిసి పుట్ట చుట్టూ మట్టికట్ట వెయ్యడం. ఐదో రోజుకి కట్ట పూర్తయింది. ఆరో రోజు వాన విరుచుకుపడింది.

"చూశారా? పనిదొంగని తీసేశాం, స్వామి కరుణించాడు," అని కొండముచ్చు వడ్రంగిపిట్టల చేత అడవంతా చాటించింది.

వాగు పొంగి కట్ట దాకా వచ్చి ఆగిపోయింది. పద్నాలుగు గుడ్లలో పదకొండు పిల్లలయ్యాయి. స్వామి నిలబెట్టాడో, కట్ట నిలబెట్టిందో భద్రయ్య తర్కించలేదు. వాన వెలిశాక పిల్లల్ని వెంటేసుకుని రాతి మీదికి వెళ్ళాడు. రాయి ఖాళీగా ఉంది. "వచ్చాము స్వామీ" అన్నాడు.

అదే సమయానికి వడ్రంగిపిట్టలు కొత్త కబురు కొడుతున్నాయి. "దైవ ప్రతినిధి కావలెను. రోజుకి పది నిమిషాలు కదలకుండా కూర్చున్న అనుభవం తప్పనిసరి." అడవంతా ఆ కబురుని నిలబడి రెండుసార్లు విన్నది. దరఖాస్తు మాత్రం ఒక్కటీ రాలేదు.

నీతి: దేవుడి డ్యూటీలో ఉన్నవాడు డ్యూటీ టైములో దేవుణ్ణి తలుచుకోకూడదు.