అద్దం వెనక కాపురం

ఐటీ కంపెనీలో చేరినవాడల్లా ఏడాది తిరక్కుండా కారు కొంటున్న రోజులవి. సూరి కూడా కొన్నాడు. ఆ ఆదివారం మామగారిని అందులో ఎక్కించుకుని, ఏ.ఎస్. రావు నగర్‌లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాలన్నది అతని ఏర్పాటు.

మామగారు భద్రయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. కంప్యూటరు ముందు కూర్చునేవాడికి కూతుర్నివ్వడమా అని మొదట మొండికేశాడు. శ్రీకాకుళంలో తమ పెరట్లో దూరిన నాగుపామును ఉత్తచేతులతో పట్టానని సూరి చెప్పాకగానీ మెత్తబడలేదు. అప్పటినుంచి లాలాగూడంతా అల్లుడి ధైర్యం చెప్పుకుని మురిసిపోతున్నాడు.

అంతటి సూరికి సాలెపురుగంటే పైప్రాణాలు పైనే పోతాయి. అది ఒంటిమీద పాకితే పొక్కులు లేస్తాయని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. ఆ మాట ఇంజనీరింగ్ చదివినా వదల్లేదు. ఇప్పుడు కారు కుడివైపు అద్దం వెనక ఒకటి కాపురం పెట్టింది. సూరి చీపురు విసిరి గూడు చెరిపితే, తెల్లారేసరికి అద్దానికీ తలుపుకీ మధ్య కొత్తది అల్లేస్తుంది. నట్టనడుమ తలకిందులుగా కూర్చుని, కాళ్లు పోగులమీద ఆనించి ఉంటుంది. ఏ దోమో చిక్కి ఒక్క పోగు కదిలిందా, పరుగున వెళ్లి పొట్లం కట్టేస్తుంది. దానికి కళ్లు కూడా సరిగా ఆనవు పాపం. ఎదురుగా సూరి అనే మనిషి వణుకుతున్నాడని దానికి తెలియనే తెలియదు. అతను మాత్రం ఎడమవైపునుంచి ఎక్కి, గేరు మీదుగా దేకుతూ డ్రైవరు సీట్లోకి చేరుతున్నాడు.

ఆదివారం పొద్దున స్కూటరు మీద వచ్చిన భద్రయ్య కంట ఆ దేకుడు పడింది.

"ఏందల్లుడూ, గిట్ల ఎక్కుతున్నవ్?"

"తలుపు పట్టేసింది మావయ్యగారూ."

జన్మంతా రైలుపెట్టెల తలుపులు బాగుచేసిన మనిషితో అనాల్సిన మాట కాదది. స్కూటరు డిక్కీలోంచి పానాల సంచి దిగింది. భద్రయ్య హుషారుగా కుడివైపుకు వెళ్లాడు, ఆగాడు, గొంతు సవరించుకుని వెనక్కొచ్చాడు. పని లోపలినుంచే షురూ చెయ్యాలని చెప్పి, తనూ ఎడమవైపునుంచే ఎక్కాడు. వర్క్‌షాపు పద్ధతి కాబోలనుకున్నాడు సూరి.

తలుపు లోపలి అట్ట ఊడింది, కిటికీ అద్దం దించే పిడి ఊడింది, మరలు ఒళ్లో పోగుపడ్డాయి. తలుపులో లోపమేదీ కనబడనికొద్దీ ఆయన పట్టుదల పెరిగింది. చివరికి ఎవరో ఒకరు దిగి, బయటినుంచి హ్యాండిల్ లాగాలన్నాడు. మీ చెయ్యి పడితేనే మంచిదన్నాడు సూరి. తను లోపలుండి చూడాలన్నాడు భద్రయ్య. ఇంతలో ఒక ఈగ గూట్లో పడింది, సాలెపురుగు గభాలున కదిలింది. మామా అల్లుళ్లిద్దరూ ఒక్కసారే ఎడమవైపుకు ఒరిగిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పామును పట్టినవ్ గదా. గదెంత నీకు?" అన్నాడు భద్రయ్య చెమట తుడుచుకుంటూ.

సూరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "పామును పట్టింది మా తాతగారండీ. నేను అరుగుమీద నిలబడి చూశాను."

భద్రయ్య ఒళ్లోని మరలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేనైతే గా అరుగుమీదికి సుత రాను."

పట్టుచీర కట్టుకుని వచ్చిన కల్పలత, తండ్రీ భర్తా కారులో అంత దగ్గరగా ఎందుకు కూర్చున్నారో అడగలేదు. ఒక పుల్ల విరిచి, సాలెపురుగును గూడుతో సహా ఎత్తి కనకాంబరం మొక్కమీద వదిలింది. వచ్చి తలుపు లాగింది. హ్యాండిల్ ఆమె చేతిలోకి ఊడొచ్చింది, కిటికీ అద్దం దబ్బున తలుపు లోపలికి జారిపోయింది, తలుపు నిజంగానే పట్టేసింది.

ముగ్గురూ ఆటోలో వెళ్లారు. ఆటోకు తలుపులుండవు గనక ప్రయాణం సుఖంగా సాగింది.