పడవ పాటకి డిస్కో దరువు

పాలలో నీళ్ళు కలపడం నేరం కావచ్చు గాని, పాటలో డిస్కో కలపడం మాత్రం సంఘసేవ! ఈ మాట అనగానే మీలో సగంమంది కనుబొమలు ముడుస్తారు. సంస్కృతి, సంప్రదాయం, జానపదుల ఆత్మ వగైరాలన్నీ మీ గొంతుదాకా వచ్చేసి ఉంటాయి. వాటిని కాసేపు అక్కడే ఆపి, చాండ్లర్‌లో వాసుదేవరావు గారికి ఏం జరిగిందో వినండి.

వాసుదేవరావు గారిది కోనసీమ. అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు చాండ్లర్‌లో, కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, దుమ్ము కణం కూడా చొరబడని గదిలో పనిచేస్తారు. పొద్దస్తమానం శుద్ధి గురించి ఆలోచించే మనిషికి ఇంటికొచ్చాక ఆ అలవాటు పోతుందా? అందుకే ఊళ్ళో ఇండియన్లంతా ఆయన్ని ఏకగ్రీవంగా కల్చరల్ సెక్రటరీని చేశారు. ఆ పదవి ఇంకెవరూ అడగలేదన్నది వేరే సంగతి.

ఇది 1986 నాటి మాట. అప్పట్లో అక్కడ మనవాళ్ళు బాగా తక్కువ. తెలుగువాళ్ళ దసరా, బెంగాలీల దుర్గాపూజ విడివిడిగా చేసుకునేంత జనం లేక, ఒక హైస్కూల్ కెఫెటీరియా అద్దెకి తీసుకుని రెండూ కలిపి కానిచ్చేవారు. అందులో ఏటా తప్పని అంశం నిఖిల్ సాహా గారి భాటియాలి.

సాహా గారు వాసుదేవరావు గారి ఆఫీసే. భాటియాలి అంటే, పడవని నది వాలుకి వదిలేసి, తెడ్డు పక్కన పెట్టి, పడవవాడు తనలో తాను పాడుకునే పాట. సాహా గారు తండ్రి దగ్గర నేర్చుకున్నారు. దేశం రెండు ముక్కలైనప్పుడు ఆ తండ్రి ఊరూ నదీ అవతల ఉండిపోయాయి, పాట మాత్రం కలకత్తా వచ్చింది. అక్కడి నుంచి అరిజోనా ఎడారికొచ్చింది. అలాగని చాండ్లర్ పక్కన నది లేదనుకోకండి. ఫీనిక్స్ వెళ్ళే దారిలో సాల్ట్ రివర్ ఉంది, దాని మీద వంతెన కూడా ఉంది. నీళ్ళే ఉండవు.

అంతకు ముందేడు సాహా గారు దోతారా తీగలు మీటుతూ కళ్ళు మూసుకుని పరమ శుద్ధంగా పాడారు. ఆ శుద్ధతని జనం ఎలా గౌరవించారనుకున్నారు? మగవాళ్ళు పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి ఇళ్ళ మీద వడ్డీ రేట్లు చర్చించారు. ఆడవాళ్ళు సమోసాల ట్రేలు విప్పారు. గుండె డాక్టరు జగన్మోహన్ గారు మొదటి వరసలో కూర్చుని, తన గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకోగలదో గురక పెట్టి మరీ చూపించారు. సాహా గారి ఇద్దరు కూతుళ్ళూ కాలేజీ నుంచి రానే లేదు. వాసుదేవరావు గారు మాత్రం సమోసాల లైన్లోంచే ‘ఎంత గొప్ప పాటండీ’ అన్నారు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆ తర్వాతే వాసుదేవరావు గారి పదహారేళ్ళ కూతురు మీనాకి వాళ్ళమ్మ లీల పుట్టినరోజుకని ఓ చిన్న కీబోర్డు కొనిచ్చింది. ఒక మీట నొక్కితే డిస్కో, ఇంకోటి నొక్కితే రాక్, మరోటి నొక్కితే రుంబా. అన్నిటికంటే వింత, ఎవరి గొంతునైనా ఓ క్షణంపాటు పట్టుకుని, ఏ స్వరంలో కావాలంటే ఆ స్వరంలో తిరిగి పలికించేది.

ఒక శనివారం వాసుదేవరావు గారు కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి గరాజ్ దద్దరిల్లిపోతోంది. తలుపెత్తి చూస్తే లోపల మీనా డిస్కో నొక్కుతోంది, సాహా గారు దాని మీద భాటియాలి పాడుతున్నారు! కాలు కూడా ఆడిస్తున్నారు. ఆయన డ్రిల్ మెషీన్ తిరిగి ఇవ్వడానికి వచ్చారట. మీనా, ‘అంకుల్, ఆ బోట్ సాంగ్‌కి బీట్ పెట్టనా’ అందట. ఆ పాట గురించి పిల్లలెవరైనా తనని అడగడం అదే మొదటిసారి కావడంతో, ఆయన డ్రిల్ మెషీన్ కింద పెట్టేశారట.

వాసుదేవరావు గారికి వంకాయల సంచీ చేతిలోనే ఉండిపోయింది. మీ నాన్నగారు వింటే ఏమనుకుంటారని సాహా గారిని నిలదీశారు. సాహా గారు తమకి అలవాటైన మెత్తటి ఇంగ్లీషులో చెప్పిన దానికి తెలుగు ఇది:

“కలకత్తా వచ్చాక మా నాన్నకి నది ఎక్కడుంది? ట్రాములో కూర్చుని పాడేవాడు. డ్రైవరు గంట కొడితే ఆ గంటకే తాళం కలిపేవాడు.”

వాసుదేవరావు గారికి ఈ జవాబు నచ్చలేదు. బెంగాల్ సంస్కృతి బెంగాలీల చేతుల్లో వదిలెయ్యడం ప్రమాదమని ఆయనకి అర్థమైపోయింది. వెంటనే కమిటీని పిలిచారు. జగన్మోహన్ గారు, ఆత్మని కోసి తీసి ప్లాస్టిక్ పెట్టారని బాధపడ్డారు. తెలుగువాళ్ళంతా ఒక్క గొంతుతో ఖండించారు. బెంగాలీల్లో మాత్రం సగంమంది వద్దన్నారు, మిగతా సగం సౌండు ఇంకాస్త పెంచమన్నారు. పాడితే శుద్ధంగా పాడాలి, లేకపోతే అంశమే రద్దు అని తీర్మానమైంది. ఇంటికొచ్చాక లీల, “మీకు బెంగాలీలో ఒక్క ముక్క వచ్చా?” అని మాత్రం అడిగి, కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంది.

మీనా ఏడవలేదు, తలుపు దభాలున వేసుకోలేదు. కీబోర్డు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

“ఓకే డాడీ. నువ్వు రివర్ ప్లేస్ నుంచి వచ్చావు కదా? అక్కడ కూడా బోట్స్ ఉన్నాయి కదా? మన సాంగ్ పాడు. ప్యూర్‌గా. నేను బీట్ పెట్టను, ప్రామిస్.”

వాసుదేవరావు గారు ఉత్సాహంగా గొంతు సవరించుకున్నారు. చిన్నప్పుడు గోదావరి రేవులో కూర్చుని ఎన్ని పాటలు విన్నారు! తల పైకెత్తి, “హైలెస్సా” అన్నారు.

అంతే. ఆ తర్వాతది రాలేదు. మళ్ళీ “హైలెస్సా” అన్నారు. మళ్ళీ అక్కడే ఆగింది. మీనా ఎదురు చూసింది. లీల పప్పు ఏరడం మానేసింది.

మర్నాడు దుమ్ము లేని గదిలో మూతిగుడ్డ వెనకాల సన్నగా కూనిరాగం తీసి చూసుకున్నారు. ఒక తెరచాప కనిపించింది, చుట్ట కాల్చే ముసలి పడవవాడు కనిపించాడు, మాటలు మాత్రం వినపడలేదు. సిగ్గు చంపుకుని జగన్మోహన్ గారికి ఫోన్ చేశారు. ఆయనదీ కృష్ణ ఒడ్డు ఊరే. ఆయనకీ హైలెస్సా వరకే వచ్చు. చివరికి రాజోలులో ఉన్న అక్కగారికి ఫోన్ కలిపారు. ఆవిడ గట్టిగా నవ్వారు.

“ఒరే వాసూ, లాంచీలొచ్చాక తెరచాప పడవలేవిరా, పాడేవాళ్ళెవర్రా? రేవు వదలకుండా కూర్చుని వినేవాడివి నువ్వే. నీకైనా గుర్తుంటుందనుకున్నాను.”

ఫోన్ పెట్టేశాక వాసుదేవరావు గారు చాలాసేపు సోఫాలోంచి లేవలేదు. లేచాక కమిటీవాళ్ళకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి, కల్చరల్ సెక్రటరీ హోదాలో తీర్మానం రద్దు చేశారు. కారణం అడిగితే టెక్నికల్ అన్నారు.

పండగనాడు సాహా గారు, మీనా స్టేజీ ఎక్కారు. డిస్కో మొదలైంది. పార్కింగ్ లాట్‌లో ఉన్నవాళ్ళు, స్పీకర్లు పేలాయేమోనని లోపలికొచ్చి ఉండిపోయారు. జగన్మోహన్ గారు పాట అయ్యేదాకా మెలకువగా ఉన్నారు, వైద్యశాస్త్రం ఇంకా కారణం చెప్పలేదు. పాట మధ్యలో నది ఒడ్డు పిలుస్తోందని సాహా గారు గొంతెత్తగానే, మీనా మీట నొక్కింది. వాసుదేవరావు గారి “హైలెస్సా” ఒకసారి బొంగురుగా, ఒకసారి పిల్లి కూతలా, ఒకసారి ఏడుపులా కెఫెటీరియా అంతా మోగింది. డైనింగ్ టేబుల్ దగ్గర దాన్ని పట్టేసుకున్న సంగతి పిల్ల ఆయనకి చెప్పనే లేదు! సాహా గారి పెద్దమ్మాయి ఈసారి వచ్చింది. పాట అయ్యాక తండ్రి దగ్గరికొచ్చి, ఆ రెండో లైను ఏమిటి బాబా, నాకు నేర్పు అంది. సాహా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

జగన్మోహన్ గారు మాత్రం సీరియస్‌గా వచ్చారు. బెంగాలీది చాలక మన తెలుగు పడవ పాటని కూడా భ్రష్టు పట్టించారన్నారు.

“నిజమే డాక్టరుగారూ,” అన్నారు వాసుదేవరావు గారు ఎంతో వినయంగా. “అసలుది ఎలా ఉంటుందో మీరొక్క చరణం పాడండి. కమిటీ తరఫున రికార్డు చేసి భద్రంగా దాచుకుందాం.”

డాక్టరు గారి పేజర్ ఆ క్షణంలోనే మోగిందట. ఇంకెవరికీ వినపడలేదు.

కాబట్టి పాఠకులారా, బెంగాలీ వాళ్ళ పాట పాడైపోయిందని ఒప్పుకుందాం. పాడై, డిస్కోలో దొర్లి, అమెరికాలో పుట్టిన ఆడపిల్లల నోళ్ళలో పడి నానుతోంది. మన పాటకి మాత్రం ఏ మచ్చా రాలేదు. గర్వంగానే ఉంది.

ఎవరి నోటా లేని పాటకి ఎంగిలెక్కడ అంటుతుంది?