డ్రమ్ములోని ఓటర్లు

పద్నాలుగో వార్డులో, కొడమంచిలి భానుమూర్తి వంటగదిలో ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములోని ఈస్టుకు ఓటు హక్కు వచ్చింది. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే తీరిక కూడా ఎవరికీ లేదు.

తప్పు భానుమూర్తిదే. ఓటర్ల జాబితా సవరించడానికి వచ్చిన రత్నకుమారి టీచరు ఇంట్లో ఎంతమంది ఉంటున్నారని అడిగింది. అందరిలా ఇద్దరమని చెప్పి ఊరుకోకుండా ఆయన డ్రమ్ము చూపించి, ప్రాణమున్నవాళ్ళు ఇందులో కోట్లమంది ఉన్నారని మురిపెంగా చెప్పాడు. టీచరు పొద్దున్నుంచీ ఎండలో తిరిగి ఉంది. నిబంధనలు చూసింది. వీళ్ళు బతికున్నారు, ఈ డోర్ నంబరులోనే ఉంటున్నారు, ఈ వంటగదిలోనే తింటున్నారు. వయసు ఒక్కటే తేలాలి. ఈస్టుకు గంటకో రెండు గంటలకో ఒక తరం మారుతుందని భానుమూర్తే చెప్పాడు. తరానికో ఏడాది వేసుకున్నా మొన్ననే మేజర్లయ్యారని రాసుకుని, మంచినీళ్ళు తాగి ఆవిడ వెళ్ళిపోయింది.

నిజానికి భానుమూర్తికి కావలసింది ఒక గ్లాసు బీరు. ఆఫీసులో ఆయన పని ఒక బల్ల మీంచి వచ్చిన ఫైలును ఇంకో బల్లకు పంపడం. ఏ పనీ ఆయన దగ్గర మొదలుకాలేదు, ఏ పనీ ఆయన దగ్గర పూర్తికాలేదు. అందుకని ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చెయ్యాలని ఏళ్ళ తరబడి ప్రణాళిక వేసుకున్నాడు. బార్లీ నానబెట్టి మొలకలొచ్చాక డాబా మీద ఎండబెట్టాలి. కషాయం కాచి, చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి, చల్లారాక ఈస్టు కలపాలి. పులిసి తేరుకున్నాక ఒక ఆదివారం సాయంత్రం తాపీగా కూర్చుని తాగాలి. పాలు తోడుపెట్టడం రాని మనిషి బీరు పులియబెడతాడట అని భార్య సునంద నవ్వింది గానీ, గ్యాస్ బండ పక్కన డ్రమ్ముకు చోటిచ్చింది.

మొదట ఎక్సైజు వాళ్ళు వచ్చి డ్రమ్మును పట్టుకుపోబోయారు. పోలింగుకు ముందు ఓటర్లను వార్డు దాటించడం నేరమని ఎన్నికల అధికారి ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టరు డ్రమ్ముకు ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. భానుమూర్తి ఊపిరి పీల్చుకున్నాడు. పోలింగు అయ్యేదాకా ఇంటివాళ్ళు మూత తియ్యకూడదని అదే అధికారి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు.

ఆ అడ్డు ఇంటివాళ్ళకే గానీ ప్రచారానికి వచ్చేవాళ్ళకు లేదు. అభ్యర్థి మట్టపర్తి గంగరాజు చెప్పులు బయట విడిచి వచ్చి డ్రమ్ము ముందు కూర్చున్నాడు. మూతకు బిగించిన గొట్టంలోంచి బుడగలు వస్తుంటే ఒక్కొక్క బుడగకూ తల ఊపాడు. పోలింగు ముందు ఓటర్లకు సీసాలు పంచడం ఆ ఊరి ఆనవాయితీ. వీళ్ళ మందు వీళ్ళే తయారుచేసుకుంటారు కాబట్టి పంచదార చాలని ఒక బస్తా దింపించాడు.

భానుమూర్తి బతిమాలాడు. పంచదార ఎక్కువైతే బీరు పలచబడి ఘాటెక్కుతుందని, తాను అనుకున్న రుచి ఇక రాదని చెప్పాడు.

"ఆళ్ళు అడుగుతున్నారు కదండీ," అన్నాడు గంగరాజు, బుడగలు చూపించి. "తవరు ఏనాడన్నా ఏదన్నా అడిగారాండీ?"

భానుమూర్తి ఆలోచించాడు. అడిగినట్టు గుర్తులేదు. బస్తా డ్రమ్ములో పడింది. మర్నాడు ఎదుటి పార్టీ అభ్యర్థి బెల్లం పట్టుకొచ్చాడు.

పోలింగు రోజున వంటగదిలోనే బూత్ పెట్టారు. సునంద వరండాలో కిరోసిన్ పొయ్యి మీద ఉప్మా చేసి సిబ్బందికి కూడా పెట్టింది. ఏ బుడగ ఓటు ఎవరికో ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లూ మాట్లాడుకుని సర్దుకున్నారు. ఓటర్లకు వేళ్ళు లేవు కాబట్టి సిరా సీసా మొత్తం డ్రమ్ములో ఒంపి మూత పెట్టారు. భానుమూర్తి గుమ్మంలో నిలబడి చూశాడు. ఎన్నేళ్ళ ఆశో అది.

తమ ఓటు వెయ్యడానికి భార్యాభర్తలు వార్డులో మిగతావాళ్ళ బూత్ ఉన్న స్కూలుకు వెళితే జాబితాలో పేర్లు లేవు. విచారణకు వచ్చినప్పుడు ఆ డోర్ నంబరులో చప్పుడు చేసినవాళ్ళనే ఉంచారని రత్నకుమారి టీచరు చెప్పింది. సునంద గట్టిగా అడగబోయింది. ఎండగా ఉంది పదమన్నాడు భానుమూర్తి.

గంగరాజు గెలిచాడు. తర్వాత ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఉన్న తీపంతా తినేసి, తాము చేసుకున్న మందులోనే ఓటర్లు కొద్దికొద్దిగా చచ్చిపోయారు. బుడగలు ఆగాయి. అడుగున మడ్డి పేరుకుంది. తన బీరు పాడుచేశారని వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు భానుమూర్తి. రాలేదు, జాలేసింది.

ఆ ఆదివారం సాయంత్రం అనుకున్నట్టే గ్లాసులో పోసుకున్నాడు. నీలంగా ఉంది. సగం తాగాడు. ఎలా ఉందని సునంద అడిగితే, కొట్లో కొన్నట్టే ఉందన్నాడు.

అప్పుడే రత్నకుమారి టీచరు మళ్ళీ సవరణ పని మీద వచ్చింది. డ్రమ్ములోవాళ్ళంతా పోయారని, పేర్లు తీసెయ్యమని భానుమూర్తి చెప్పాడు. తీయాలంటే ఒక్కొక్కరికీ మరణ ధ్రువపత్రం కావాలని, ఉంచితే వచ్చేసారి కూడా పనికొస్తారని ఆవిడ చెప్పింది. పోనీ తమ ఇద్దరి పేర్లయినా ఎక్కించమని, ఈసారి ఓటు వెయ్యలేకపోయామని ఆయన అడిగాడు. బహుశా ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారి.

టీచరు ఆయన నోటి వైపు చూసింది.

"నాలిక మీద సిరా ఉంది కదండీ. మీరు వేసేశారు."

సునంద అద్దం తెచ్చి ఇచ్చింది. భానుమూర్తి నాలుక చాపి చూసుకున్నాడు. నీలంగానే ఉంది. వేసే ఉంటాననుకున్నాడు. టీచరుకు కుర్చీ వెయ్యమని భార్యకు చెప్పి, గ్లాసులో మిగిలింది తాగేశాడు.