బరువు తగ్గిన సైకిలు

ఇంట్లో ఒక్కరికైనా సైకిలు పిచ్చి ఉండాలి! అప్పుడే ఆ ఇల్లు బాగుపడుతుంది. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మా తమ్ముడిది కళ్లజోళ్ల షాపు. మా ఆయన పోయాక వాడే వచ్చి నన్ను తనింటికి తీసుకెళ్లాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో మేమిద్దరమే. ఆమధ్య డాక్టరు "పొట్ట పెరిగింది, బరువు తగ్గించండి" అన్నాడట. మావాడు వెంటనే తగ్గించడం మొదలుపెట్టాడు. తన బరువు కాదు, సైకిలుది!

ఎంత తెలివో చూడండి. మనిషి బరువు తగ్గాలంటే నోరు కట్టుకోవాలి, విసుక్కోవాలి, ఇంట్లో అందరినీ కసరాలి. సైకిలుకి ఆ బాధ లేదు. స్పానరు పెట్టి తిప్పితే చాలు!

ముందు స్టాండు పోయింది. ఇప్పుడు సైకిలు తనంతట తాను నిలబడలేదు. గోడకి ఆనిస్తే రంగు గీసుకుపోతుందని మధ్యలో నా దిండు పెట్టాడు. దిండు లేకుండా పడుకుంటే మెడకి మంచిదట! ఎవరు చెప్పారంటారా? దిండు పట్టుకుపోయినవాడే.

తర్వాత మడ్‌గార్డులు. వాన పడిందంటే వాడి వీపు మీద నిలువునా బురద గీత. ఆ చొక్కాలు ఉతికి ఉతికి నా చేతుల్లో ఎంత బలం వచ్చిందో! తర్వాత బెల్లు. షాపులో గొంతు పెగలని మనిషి ఇప్పుడు వీధి వీధంతా వినపడేలా "తప్పుకోండి బాబూ, తప్పుకోండమ్మా!" అని కేకలు పెడుతున్నాడు.

క్యారియర్ కూడా పోయింది. దాని సంగతి తర్వాత.

తీసేసేవి అయిపోయాక మార్చేవి మొదలయ్యాయి. ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండానే, "అక్కా! కొత్త క్యాసెట్ వచ్చింది!" అన్నాడు.

నా సంబరం ఏమని చెప్పను? స్టూలేసుకుని అటక మీది టేప్‌రికార్డరు దించాను. దుమ్ము తుడిచాను. ప్లగ్గు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. వాడు అట్టపెట్టె విప్పి పళ్లచక్రాల గుత్తి ఒకటి బయటికి తీశాడు. సైకిలు వెనక చక్రానికి బిగించేదట! దాన్ని కూడా క్యాసెట్ అంటారట!

"సరే, వినిపించు" అన్నాను.

వాడు దాన్ని బిగించి చక్రం తిప్పాడు. కిర్రుమంది. కళ్లు మూసుకుని, తల ఊపుతూ విన్నాడు. "ఎంత బాగుందో కదక్కా!" నిజమే. టేపు తెగదు, చుట్టుకోదు. ఇంతకంటే మంచి పాట ఎక్కడ దొరుకుతుంది?

కొత్త సీటు అరచెయ్యంత ఉంది, మధ్యలో కన్నంతో. దాని మీద ఊరంతా తిరిగొచ్చాక వాడు కుర్చీలో కూర్చోలేడు. నిలబడి చేసే పనులే చేస్తాడు. గిన్నెలు తోముతున్నాడండీ! ఏ అక్కకి దక్కుతుంది ఈ భోగం?

ఇక ఆ బూట్లు! పెడల్‌కి అతుక్కుంటాయి. ఆపినప్పుడు కాలు ఊడిరాక, మావాడు గేటు ముందు సైకిలుతో సహా మెల్లగా పక్కకి ఒరిగిపోయేవాడు. అంతవరకూ మాతో మాటే కలపని పక్కింటావిడ, ఇప్పుడు గోడ మీంచి తొంగిచూసి "తమ్ముడుగారు పడ్డారా?" అని రోజూ పలకరిస్తోంది.

ఆఖరికి ఫ్రేము కూడా మార్చేశాడు. "పాత సైకిల్లో ఇంకేం మిగిలిందిరా?" అంటే, "నేను మిగిల్లేదూ!" అన్నాడు.

ఇప్పుడు క్యారియర్ సంగతి.

నేను చదువు మొదలుపెట్టింది జుట్టు నెరిశాక. అక్షరాలు దిద్దించింది పెద్దవాళ్ల బడి టీచరమ్మే. కానీ అవి నాకు పలికింది ఆ క్యారియర్ మీద. నన్ను క్లాసుకి తీసుకెళ్తూ వాడు నెమ్మదిగా తొక్కేవాడు. నేను వెనక కూర్చుని షాపుల బోర్డులు కూడబలుక్కునేదాన్ని. పొడుగు బోర్డు వస్తే బ్రేకేసి, "పూర్తి చెయ్యక్కా, తొందరేం లేదు" అనేవాడు. ఒత్తు దగ్గర తడబడితే వెనక్కి తిరగకుండానే దిద్దేవాడు.

దాన్ని ఊడదీస్తూ ఒకే మాటన్నాడు. "బరువక్కా!"

అది క్యారియర్ గురించి చెప్పడమో, నాకు పెట్టిన పేరో తెలియలేదు.

అయినా నాకు మేలే జరిగింది! క్లాసుకి నడిచి వెళ్తున్నాను. నడిస్తే ఆరోగ్యం. పైగా ప్రతి బోర్డు ముందూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

మొన్న పొద్దున వాడు సైకిలుని భుజాన వేసుకుని కుంటుకుంటూ వచ్చాడు. ముందు చక్రం వంకర పోయింది. మోకాలు చెక్కుకుపోయింది. అంత తేలికైన సైకిలు కాబట్టి సరిపోయింది, లేకపోతే మోయగలిగేవాడా?

"మలుపులో రోడ్డంతా తవ్విపడేశారక్కా! ఒక బోర్డు పెట్టి ఏడవచ్చుగా?"

"పెట్టార్రా. 'ముందు గుంత ఉన్నది, మెల్లగా వెళ్లండి.' ఎర్ర అక్షరాలు. రోజూ చదువుతూనే ఉన్నా."

"మరి నాకు చెప్పొద్దూ?"

"ఎక్కడ కూర్చుని చెప్పనురా?"

రోజంతా షాపులో జనం చేత గోడ మీది అక్షరాలు చదివించే మనిషి, మోకాలు నా ముందుకి చాపాడు. మోకాలికి మందు రాస్తుంటే "అబ్బా" అన్నాడు.

అందుకని, పాఠకులారా, అప్‌గ్రేడు మానొద్దని నేనే వాడికి చెప్పాను. ఇంకొక్క పార్టు ఉంది. సీటు వెనక బిగించుకోవాలి. దారిలో ఉన్న బోర్డులన్నీ పైకి చదువుతుంది. గుంత వచ్చే ముందే అరుస్తుంది. ఛార్జింగు అక్కర్లేదు. ఒత్తులు కూడా ఇప్పుడు తప్పుపోవు. బరువే, కాస్త ఎక్కువ!

ఇవాళ అటక మీద ఒకటే చప్పుడు. వాడు పాత క్యారియర్ దించి, తుడిచి, కొత్త సైకిలు పక్కన పెట్టి చూశాడు. ఆ ఫ్రేముకి దీన్ని బిగించే బోల్టు పట్టే చోటే లేదు!

అందుకని ఇప్పుడు ఆ క్యారియర్‌కి సరిపోయే సైకిలు కోసం వెతుకుతున్నాడు.

అదీ అప్‌గ్రేడే కదండీ!