డాక్టరు గారు నోటబుల్ అయిన విధం

ఫెయిర్‌డెల్‌కి చరిత్ర ఉందని మేయర్ డ్వేన్ గారు టౌన్ హాల్లో అధికారికంగా ప్రకటించారు. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ తెలియదు. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న ఊరికి నవంబరు ఎన్నికల లోపల పేరు తేవాలని ఆయన పట్టుదల. అందుకని హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టించారు. ఎడమవైపు చారిత్రక కట్టడాలు: ఒక ప్రెసిడెంటు అభ్యర్థి రైలు ఆగకుండా వెళ్లిపోయిన స్టేషను, దొంగ వచ్చేసరికి మూసి ఉండడం వల్ల దోపిడీ తప్పిన బ్యాంకు. కుడివైపు నోటబుల్ రెసిడెంట్స్, అంటే ఊరు గర్వించదగ్గ మహానుభావులు.

అందులో తన పేరు లేదని చూసి డాక్టర్ చక్రపాణి గారు కాఫీ మానేశారు. ఊళ్లో సగం మంది ఆయన చేతుల్లోనే పుట్టారు. సన్మానం ఖాయమనుకుని భార్య గిరిజ శాలువా కూడా ఇస్త్రీ చేసి ఉంచింది. శాలువా మనమే పట్టుకెళ్లాలని తెలుగు సంఘాల సన్మానాల్లో ఆవిడకి బాగా అనుభవం.

"వెళ్లి అడగండి. మీరలా గోడకేసి చూస్తూ కూర్చుంటే నాకు వంట సాగదు," అంది గిరిజ.

ఇద్దరూ వెళ్లారు. మేయర్ గారు చాలా బాధపడ్డారు.

"డాక్, రూల్ అలా ఉంది. నోటబుల్ కావాలంటే ఊరు వదిలి వెళ్లాలి. బోర్డు మీదున్న మా బేస్‌బాల్ ప్లేయర్‌ని చూడు, ఆరు నెలల పసివాడిగానే వెళ్లిపోయాడు. ఎంత ముందుచూపు!"

"నేను ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను కదా!"

"నీ కేసులో అదే వీక్ పాయింట్. నిన్న కూడా గ్రోసరీ స్టోర్లో అరటిపళ్లు ఏరుతూ కనిపించావు. అలాంటి మనిషి పేరు బోర్డు మీద ఉంటే టూరిస్టులు ఏమనుకుంటారు?"

ఇంటికొచ్చి గరాజ్‌లో కారు ఆపగానే డాక్టరు గారు ఒక నిర్ణయానికొచ్చారు.

"పక్క ఊరు క్లేబర్గ్ పది నిమిషాలేగా. అక్కడ అపార్ట్‌మెంట్ రెంట్‌కి తీసుకుందాం."

"పేరు కోసం ఇల్లొదులుతారా? మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"ఇల్లెక్కడికి పోతుందే? పోయేది మనమేగా!"

గిరిజ బెంగంతా కరివేపాకు మొక్క మీద. అయోవా చలికి సన్‌రూమ్‌లో పెట్టి, దుప్పటి కప్పి, పసిపిల్లలా సాకిన మొక్క. ఇప్పుడు ఆవిడ భుజం దాకా వచ్చింది. సామాన్లు సర్దిన రోజున కుండీ ఎత్తబోతే మేయర్ గారు పరుగున వచ్చి ఆపారు. నోటబుల్ రెసిడెంటు ఇల్లు కూడా చారిత్రక కట్టడమేనట. లోపల ఉన్నవి ఉన్నట్టే ఉండాలట. ఆ ఒప్పందం మీద డాక్టరు గారు అప్పటికే సంతోషంగా సంతకం పెట్టేశారు. మొక్క చుట్టూ ఎర్ర తాడు కట్టారు.

"చారులోకి రెండు రెబ్బలండీ," అని బతిమాలింది గిరిజ.

"తప్పకుండా రండి, మిసెస్ డాక్. టికెట్ తీసుకుని, ముట్టుకోకుండా ఎంతసేపైనా చూడొచ్చు."

బోర్డు మీద డాక్టరు గారి పేరు ఎక్కిన వారానికే బార్బరు ఊరు వదిలాడు. అతని పేరూ ఎక్కింది. అది చూసి పాస్టరు, ఫైర్ చీఫ్, స్కూల్ ప్రిన్సిపాల్ కదిలారు. ఇక మిగిలినవాళ్లకి ఊళ్లో ఉండడం నామోషీ అయిపోయింది. క్లేబర్గ్‌లో గిరిజకి పక్కింట్లో మళ్లీ ఆ బార్బరే, ఎదురింట్లో ఆ పాస్టరే. బోర్డు మెయిన్ స్ట్రీట్‌ కన్నా పొడుగైంది.

"ఇంతమంది మహానుభావుల్ని కన్న ఊరు అమెరికాలో ఇంకొకటి లేదు!" అని మేయర్ గారు ఖాళీ టౌన్ హాల్లో గద్గద స్వరంతో ప్రసంగించారు. ఎన్నికల్లో నూటికి నూరు శాతం ఓట్లతో గెలిచారు. ఆ ఓటు ఆయనే స్వయంగా వేశారు.

మర్నాడు గిరిజ పాత ఇంటికి వెళ్లింది. టికెట్ అడిగే నాథుడు లేడు. తాడు దాటి, కుండీని ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. వాకిట్లో మెట్ల మీద మేయర్ గారు పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. ఊరందరికీ అని చేయించిన విజయోత్సవ కేకుని ఊరందరి తరఫునా ఆయనే తిన్నారు.

"మిసెస్ డాక్! డాక్ ఊళ్లో ఉన్నాడా? అర్జెంట్!"

గిరిజ మొక్కని వెనక సీట్లో ఏటవాలుగా పడుకోబెట్టి, కుండీకి సీట్ బెల్టు బిగించింది.

"ఉన్నారండీ," అంది. "హైవే దగ్గర, కుడివైపు, పైనుంచి రెండో వరసలో."