బాగున్న చేతి ఫొటో

ఆ ఆదివారం పొద్దున ఇల్లాలు పెద్ద పనులేం పెట్టుకోలేదు. భర్త స్వెట్టరొకటి ఎండలో వేద్దామనుకుంది, అంతే. అతను సర్వేయరు. రోడ్డు కొలతలకని వెళ్ళి నాలుగు నెలలైంది. ఎప్పుడడిగినా "వచ్చే వారం" అంటాడు. బీరువాలో ఆ స్వెట్టరు మీద పిల్లి ముడుచుకుని పడుకుంది. ఆమె లాగింది. పిల్లీ లాగింది. మణికట్టు మీద వెంట్రుకంత గీత పడింది.

టీకాలన్నీ వేయించిన పిల్లే. అయినా సబ్బుతో బాగా కడుక్కుని, మందు సీసా ఎక్కడుందని భర్తకు ఫోను చేసింది. సీసా కళ్ళెదుటే ఉంది.

"పిల్లి కాస్త గీరిందండీ. చిన్నదే."

అత్తవారింట్లో చెడ్డ కబురు సగం చేసి చెప్పడం అలవాటు. మామగారి కాలు రెండుచోట్ల విరిగితే "కొంచెం బెణికింది" అన్నారు. అందుకే వినేవాళ్ళు రెట్టింపు చేసుకుని వింటారు. గంటలో అత్తగారి ఫోను.

"కుట్లెన్ని పడ్డాయే అమ్మాయ్?"

"కుట్లే లేవత్తయ్యా."

"వెయ్యడానిక్కూడా వీల్లేదన్నారా తల్లీ!"

తర్వాత ఆడపడుచు. "వదినా, వేళ్ళు కదులుతున్నాయా?"

ఆమె విసిగి చేతి ఫొటో పంపింది.

"ఇది బాగున్న చెయ్యి. రెండోది పెట్టు."

రెండోదీ పెట్టింది.

"ఇదీ బాగానే ఉందిగా. మా దగ్గర కూడా దాపరికమేనా వదినా?"

మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. "బస్సెక్కాను. ధైర్యంగా ఉండు."

ఆమె గుండె ముందు గంతేసింది, తర్వాత జారింది. నాలుగు నెలలు పిలిస్తే రాని మనిషి గీత కోసం వస్తున్నాడు. ఆ గీతేమో గంట గంటకీ మాయమవుతోంది. ఎర్ర పెన్ను వైపు ఒకసారి చూసి, చదువుకున్నదాన్ని కదా అని ఆగిపోయింది. మోచేతి దాకా కట్టు మాత్రం కట్టుకుంది.

సాయంత్రం భర్త వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆ కట్టు విప్పాడు. చుట్టు మీద చుట్టు. చివరికి చెయ్యి బయటపడింది.

"ఏదీ?"

"ఇందాకటిదాకా ఉందండీ."

అతను కట్టు గుడ్డ చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "పొద్దున బస్సుకే వెళ్ళిపోతాను" అన్నాడు. ఆమె సరేనంది.

"నువ్వైనా నిజం చెప్పవే" అంటూ అతను పిల్లి మీద చెయ్యి వేశాడు. నాలుగు నెలలు కనబడని మనిషిని పిల్లి గుర్తుపట్టలేదు. మోచేతి నుంచి వేళ్ళ దాకా నాలుగు గీతలు తీసింది.

ఫోనులో డాక్టరు, కుళాయి కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, రేపు పదింటికి వచ్చి చూపించమన్నారు. పొద్దున బస్సు అలా పోయింది. ఇద్దరూ సింకు దగ్గర నిలబడ్డారు. అతని చెయ్యి ఆమె రెండు చేతుల్లో ఉంది.

"ఇంత సన్నబడ్డారేం?"

"అక్కడి తిండి అంతే." కాసేపాగి, "పదిహేను నిమిషాలు అయినట్టుందే" అన్నాడు.

"ఇప్పుడేగా మొదలుపెట్టింది."

ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆ గీతలు శుభ్రపడలేదు.